మొండిగోడలు, చెట్లు, వెన్నెల: రొమాంటిక్ ప్రకృతి చిత్రాల్లో శిథిలాలు

18వ శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి 19వ శతాబ్దం నడిమి దాకా ఐరోపాలోనూ, కాస్త ఆలస్యంగా అమెరికాలోనూ సాగిన రొమాంటిక్ ఉద్యమంలో ప్రకృతి దృశ్య చిత్రణకు పెద్దపీట దక్కింది. అంతకుముందు కళా అకాడమీల లెక్కలో పురాణ ఘట్టాలు, చరిత్ర ఘట్టాలు గీసేవాడే గొప్ప చిత్రకారుడు. కొండాకోనా గీసేవాడిది కింది వరుస. ఆ వరుస తారుమారు కావడానికి శిథిలాలు బాగా తోడ్పడ్డాయి. వీరులూ దేవతలూ లేకుండా, ఒక కూలిన మఠం, దాన్ని చుట్టుకున్న చెట్లు, వెనక ఆకాశం ఉంటే చాలు, చరిత్ర అంతా కాన్వాసు మీదికి వచ్చేస్తుందని అప్పటి చిత్రకారులు కనిపెట్టారు.

ఈ చిత్రాల విషయంలో ఒక సంగతి మొదటే గుర్తుపెట్టుకోవాలి. వీటిలో కనిపించే కట్టడాల్లో చాలావాటిని కూల్చింది ఎండా వానా కాదు. కొన్ని రాజుగారి ఉత్తర్వుకు కూలాయి, కొన్ని యుద్ధానికి, ఇంకొన్ని ఇటుకల కోసం, రాళ్ల కోసం వచ్చినవాళ్ల చేతుల్లో. చిత్రంలో మాత్రం ఆ మనుషుల జాడ ఉండదు. కూల్చిన పని మొత్తం కాలానికీ ప్రకృతికీ జమ అవుతుంది. రొమాంటిక్ శిథిలానికి ఉన్న ఆకర్షణలో సగం ఈ జమాఖర్చులోనే ఉంది.

ముందుతరం

శిథిలాలను గీయడం రొమాంటిక్కులు మొదలుపెట్టిన పని కాదు. 17వ శతాబ్దంలో రోములో స్థిరపడిన ఫ్రెంచి చిత్రకారుడు క్లాద్ లొరేన్ (1600–1682) పాత ఆలయ స్తంభాల మధ్య పశువుల కాపరులను నిలబెట్టి, వాటి మీద సాయంకాలపు బంగారు వెలుగు పరిచాడు. ఆ చిత్రాల్లో విషాదం కన్నా ప్రశాంతత ఎక్కువ. తర్వాతి శతాబ్దంలో ఇంగ్లండు ధనికులు తమ తోటలను ఆయన చిత్రాల్లా కనిపించేట్టు వేయించుకున్నారు.

రొమాంటిక్కులకు అంతకన్నా దగ్గరివాడు డచ్చి చిత్రకారుడు యాకోబ్ ఫాన్ రాయిస్‌డాల్. 1650ల నడుమ ఆయన గీసిన 'యూదుల శ్మశానం'లో సమాధులు ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి ఒక ఊరివి. వాటి వెనక కనిపించే కూలిన కట్టడం, పొంగే వాగు ఆ శ్మశానంలో లేవు, చిత్రకారుడు తెచ్చి పెట్టినవి. ఉన్నదాన్ని ఉన్నట్టు గీయకుండా, వేర్వేరు చోట్ల చూసినవాటిని ఒక భావం కోసం ఒకచోట చేర్చే ఈ పద్ధతే నూటయాభై ఏళ్ల తర్వాత జర్మనీలో పతాకస్థాయికి చేరింది. ఈ చిత్రం రెండు ప్రతుల్లో ఒకటి డ్రెస్డెన్‌లో ఉంది. రాయిస్‌డాల్‌ను కవిగా నిలబెడుతూ జర్మన్ కవి గేటే 1816లో వ్యాసం ప్రచురించాడు.

18వ శతాబ్దంలో తవ్వకాలు శిథిలాలకు కొత్త గిరాకీ తెచ్చాయి. హెర్క్యులేనియంలో 1738లో, పాంపేలో 1748లో పని మొదలైంది. రోములో పిరనేసి (1720–1778) తన ఎచింగులలో పాత కట్టడాలను వాటి అసలు కొలతకన్నా పెద్దవిగా, పక్కన మనుషులను చీమలంత చిన్నవిగా చూపించాడు. ఆ ఎచింగులు చూసి రోముకు వచ్చిన యాత్రికులు అసలు కట్టడాల ముందు నిరాశపడేవారట. 1757లో ఎడ్మండ్ బర్క్ ఒక సిద్ధాంత గ్రంథంలో అందాన్నీ ఉదాత్తతనూ వేరు చేశాడు. నున్నగా, చిన్నగా, ఒద్దికగా ఉండేది అందం. చీకటి, అపారత, శూన్యత, భయం కలిగించే ఆనందం ఉదాత్తం. కూలిన కట్టడానికి ఈ రెండో గదిలో చోటు దొరికింది.

ఫ్రాన్సు: పలుగూ పార చూపినవాడు

ఉబేర్ రోబేర్ (1733–1808) 1754 నుంచి పదకొండేళ్లు రోములో ఉండి పారిస్ తిరిగొచ్చాడు. 1767 సలోన్ ప్రదర్శనలో ఆయన చిత్రాలు చూసి రచయిత దిదెరో పేజీలకు పేజీలు రాశాడు. ఆయన ఫిర్యాదు ఒక్కటే: శిథిలాల్లో మనుషులు మరీ ఎక్కువయ్యారు. ఏకాంతం ఉంటేనే శిథిలం మాట్లాడుతుందని దిదెరో వాదం. రోబేర్ వినలేదు. ఆయన శిథిలాల్లో చాకలివాళ్లు బట్టలు ఆరేస్తారు, పిల్లలు ఆడుకుంటారు, స్తంభాల మధ్య ఆవులు పడుకుంటాయి. పైన చెప్పిన జమాఖర్చుకు లొంగని అరుదైన మనిషి ఆయన. 1786లో పారిస్‌లోని నోత్ర్ దామ్ వంతెన మీద ఇళ్లు పడగొడుతుంటే ఆ కూల్చివేతను, దుమ్మును, కూలీలను గీశాడు. 1789 జులైలో బాస్తీయ్ కోటను కూలుస్తున్న తొలి రోజులనూ గీశాడు. 1793లో సెయింట్ డెనీలో రాజుల సమాధులు తవ్విపోసినప్పుడు ఆ దృశ్యాన్నీ వదల్లేదు. ఆ ఏడాదే విప్లవ ప్రభుత్వం ఆయన్ను జైల్లో పెట్టింది. బతికి బయటపడ్డాడు.

1796లో ఆయన ఒక జత చిత్రాలు ప్రదర్శించాడు. ఒకటి లూవ్ర్ మ్యూజియం పెద్ద గ్యాలరీని ఎలా తీర్చిదిద్దాలో చూపే ప్రణాళిక. రెండోది అదే గ్యాలరీ ఎప్పుడో కూలిపోయాక ఎలా ఉంటుందో చూపే ఊహ: కప్పు లేని కమాను కింద గడ్డి మొలిచింది, నిలిచి ఉన్న అపోలో విగ్రహం ముందు కూర్చుని ఒక చిత్రకారుడు బొమ్మ గీసుకుంటున్నాడు. మ్యూజియం నిర్వహణలో తానూ ఒక బాధ్యుడే. ఇంకా సరిగా తెరవని సంస్థకు అంత్యదశ గీసి పెట్టిన ధీమా ఇంకెవరిలోనూ కనిపించదు.

ఇంగ్లండు: యాత్ర, నీటిరంగు, ఐవీ తీగ

ఇంగ్లండులో శిథిలాలకు ఒక తేదీ ఉంది. 1536 నుంచి నాలుగైదేళ్లలో ఎనిమిదో హెన్రీ క్రైస్తవ మఠాలను రద్దుచేసి, ఆస్తులు స్వాధీనం చేసుకున్నాడు. 1131లో వేల్స్ సరిహద్దులో స్థాపించిన టింటర్న్ మఠం మొదటి విడతలోనే పోయింది. పైకప్పు మీది సీసం రేకులు ఊడదీశారు. కప్పు లేని గోడలు వానకు వదిలేశారు. రెండు శతాబ్దాలు గడిచాక, ఆ స్థలం యజమాని బోఫర్ట్ డ్యూక్ లోపలి రాళ్లగుట్టలు తీయించి పచ్చిక వేయించాడు. అంటే యాత్రికులు చూసిన 'సహజమైన' శిథిలం అప్పటికే తోటమాలి చేతి మీదుగా వచ్చింది.

1770లో విలియం గిల్పిన్ అనే మతగురువు వై నది మీద పడవలో వెళ్లి, ఆ యాత్రను 1782లో పుస్తకంగా వేశాడు. దృశ్యాన్ని చిత్రంలా చూడటం ఎలాగో నేర్పే పుస్తకమిది. టింటర్న్ గోడల త్రికోణపు చివరలు మరీ తిన్నగా ఉన్నాయని, ఒక సుత్తి తీసుకుని ఒడుపుగా నాలుగు దెబ్బలు వేస్తే బాగుంటుందని ఆయన సూచన. శిథిలం కూడా సరిగ్గా శిథిలం కాలేదన్నమాట! మఠం చుట్టూ గుడిసెల్లో బిచ్చగాళ్లు ఉన్నారని, అర మైలు దూరంలోపే ఇనుము కార్ఖానా చప్పుడు చేస్తోందని కూడా నిజాయితీగా రాశాడు. తర్వాత వచ్చిన చిత్రకారుల్లో చాలామంది గుడిసెలనూ కార్ఖానానూ చిత్రంలోకి రానివ్వలేదు. యాత్రికులు తమవెంట నల్లటి కుంభాకారపు అద్దం ఒకటి తెచ్చుకునేవారు. దృశ్యానికి వీపు తిప్పి అద్దంలో చూస్తే, రంగులు మెత్తబడి క్లాద్ చిత్రంలా కనిపించేది.

1792లో పదిహేడేళ్ల టర్నర్ టింటర్న్ వచ్చాడు. ఆ స్కెచ్చుల నుంచి తయారైన నీటిరంగు చిత్రాల్లో చూపు నేలమట్టం నుంచి పైకి వెళ్తుంది. కమానులు ఆకాశంలోకి లేస్తాయి, అంచుల నుంచి ఐవీ తీగ వేలాడుతుంది, కింద మనుషులు వేలెడంత. గోడ సందుల్లో రావిమొక్క మొలిచిన మన పాత గుళ్లు చూసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. మొక్క రాతిని పగలగొడుతున్నదా, పట్టి ఉంచుతున్నదా అన్న అనుమానం అక్కడా ఇక్కడా ఒకటే. శిథిలానికి నీటిరంగు బాగా నప్పింది. రంగు వేయకుండా వదిలిన కాగితమే విరిగిన కిటికీలోంచి వచ్చే వెలుగవుతుంది. ఒకదానిమీద ఒకటి పలుచగా వేసిన పొరలు నానిన రాతి మచ్చలవుతాయి. టర్నర్ ఈడువాడే అయిన థామస్ గర్టిన్ ఇంకా పొదుపుగా, వెడల్పాటి పూతలతో యార్క్‌షైర్ మఠాలను గీసి, 27 ఏళ్లకే 1802లో చనిపోయాడు.

జాన్ కాన్‌స్టబుల్ శిథిలాల చిత్రకారుడు కాదు. ఆయనవి పచ్చికలు, మిల్లులు, మబ్బులు. కానీ ఆ వరుసలో అన్నిటికన్నా గాయపడిన చిత్రం ఆయనదే. థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట గుట్ట మీదున్న హాడ్లీ కోటను 1814లో చిన్న నోటుపుస్తకంలో గీసుకున్నాడు. ఆ కోటను 1551లో కొన్న రిచ్ ప్రభువు దాన్ని రాళ్ల గనిలా వాడుకున్నాడు. మిగిలినదాని కింద నేల జారింది. 1828 నవంబరులో కాన్‌స్టబుల్ భార్య మరియా క్షయతో చనిపోయింది. పదిహేనేళ్లనాటి చిన్న స్కెచ్చును బయటికి తీసి, పెద్ద కాన్వాసు చేసి, 1829లో రాయల్ అకాడమీలో ప్రదర్శించాడు. తుఫాను రాత్రి గడిచిన ఉదయం అది. రెండుగా చీలిన బురుజు, ఒక గొర్రెలకాపరి, కుక్క, దూరంగా నీటి మీద మెరుపు. పూర్తి కొలతలో ముందుగా వేసుకున్న నమూనాలో కత్తితో పూసిన తెల్లరంగు మచ్చలు గోడలను కొరుకుతున్నట్టుంటాయి. అకాడమీకి పంపిన చిత్రంకన్నా లండన్ టేట్‌లో ఉన్న ఆ నమూనాయే నా దృష్టిలో గొప్పది.

జర్మనీ: ఎల్డెనా మఠం

కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ (1774–1840) బాల్టిక్ తీరంలో గ్రైఫ్స్‌వాల్డ్ ఊళ్లో పుట్టాడు. అప్పుడది స్వీడన్ పాలనలో ఉంది. 1787లో మంచు పగిలి నీళ్లలో పడినప్పుడు తమ్ముడు యోహాన్ క్రిస్టోఫర్ మునిగిపోయాడు. అన్నను కాపాడబోయే పోయాడని చెబుతారు. ఫ్రీడ్రిష్ కోపెన్‌హాగెన్ అకాడమీలో చదివి, 1798లో డ్రెస్డెన్ చేరి, అక్కడే చివరిదాకా ఉన్నాడు. ఇటలీ వెళ్లలేదు. రోము శిథిలాలతో ఆయనకు పని లేదు. ఊరి పక్కనే ఎల్డెనా ఉంది.

1199లో డేనిష్ సిస్టర్షియన్ సన్యాసులు కట్టుకున్న ఎర్ర ఇటుకల మఠం అది. 1535లో మతసంస్కరణ ఊపులో మూతపడింది. ముప్ఫైయేళ్ల యుద్ధంలో దెబ్బతింది. స్వీడన్ పాలకులు దాని ఇటుకలను పీకించి కోటగోడలకు తోలించారు. పడమటి గోడ, దాని ఎత్తైన కిటికీ మిగిలాయి. ఫ్రీడ్రిష్ దాన్ని యువకుడిగా ఉన్నప్పటినుంచే స్కెచ్చుల్లో నింపుకున్నాడు. చాలా చిత్రాల్లో ఆ గోడే మళ్లీ మళ్లీ వస్తుంది, ఎప్పుడూ ఒకే చోట కాదు.

1809–10లో గీసిన 'ఓక్ వనంలో మఠం'లో దాని చుట్టూ మంచు కప్పిన శ్మశానం ఉంది. ఆకులు రాలిన ఓక్ చెట్లు వంకర కొమ్మలతో గోడకు రెండువైపులా నిలబడ్డాయి. నల్లని దుస్తుల సన్యాసులు ఒక శవపేటికను మోస్తూ వాకిలి వైపు నడుస్తున్నారు. ముందు ఒక తవ్విన గొయ్యి తెరిచి ఉంది. చిత్రం కింది భాగం దాదాపు చీకటి. పైన పల్చటి పసుపు వెలుగు, సన్నని నెలవంక. మఠం మూతపడి అప్పటికి రెండున్నర శతాబ్దాలు దాటింది కాబట్టి ఆ సన్యాసులు ఎవరన్న ప్రశ్నకు సమాధానం లేదు. ఊరేగింపు గతకాలానిదా, దయ్యాలదా, లేక చిత్రకారుడి స్వంత అంత్యక్రియా అన్న వాదం ఇంకా నడుస్తూనే ఉంది. ఓక్ అన్యమత కాలానికి గుర్తు, మఠం పాత క్రైస్తవానికి గుర్తు, వెలుగు రాబోయే జీవితానికి గుర్తు అని ఒక్కొక్కదానికీ అర్థం రాసిపెట్టిన పండితులున్నారు. ఆ తాళంచెవుల గుత్తి అన్ని గదులకూ సరిపోదు. చెట్ల కొమ్మలూ కిటికీ రాతి అల్లికా ఒకే గీతలో ఉండటం, ఏది పెరిగినదో ఏది కట్టినదో చెప్పలేకపోవడం, ఇది ఏ గుర్తులపట్టికకూ అందదు.

ఈ చిత్రానికి జతగా గీసినది 'సముద్రం పక్కన సన్యాసి'. 1810 సెప్టెంబరులో గేటే ఫ్రీడ్రిష్ గదికి వచ్చి చూశాడు. ఆ శరత్తులో రెండూ బెర్లిన్ అకాడమీలో వేలాడాయి. పదిహేనేళ్ల యువరాజు పట్టుబట్టడంతో ప్రష్యా రాజు మూడో ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ రెండింటినీ కొన్నాడు. నెపోలియన్ చేతిలో 1806లో ఓడి, దేశం సగమైపోయిన రాజు కూలిన మఠం చిత్రం కొనడంలో కళాభిరుచి ఒక్కటే ఉందనుకోలేం.

ఎల్డెనా చదునైన సముద్రతీరంలో ఉంటుంది. 1830ల తొలినాళ్లలో ఫ్రీడ్రిష్ దాన్ని ఏకంగా రీజెన్‌గెబిర్గె కొండల ముందుకు తరలించాడు. బొహీమియా సరిహద్దులోని ఆ కొండలు అక్కడికి వందల కిలోమీటర్ల దూరం. 1810లో కెర్స్టింగ్ అనే చిత్రకారుడితో కలిసి నడిచి చూసినవి. ఇంకో అడుగు వేసి, చెక్కుచెదరకుండా నిలిచిన గ్రైఫ్స్‌వాల్డ్ యాకోబీ చర్చిని కూడా కూలినట్టు గీశాడు. అది రోబేర్ చేసిన పనే. కానీ రోబేర్‌లో కొంటెతనం ఉంది, ఇతనిలో లేదు.

ఇంత ప్రకృతి గీసినవాడు గీసింది నాలుగు గోడల మధ్య. కెర్స్టింగ్ 1811లో చిత్రించిన ఫ్రీడ్రిష్ గదిలో ఖాళీ గోడలు, ఒక ఈజిల్, స్కేళ్లు, కింది సగం మూసేసిన కిటికీ తప్ప ఏమీ లేవు. ముందు పెన్నుతో, వృత్తలేఖినితో గీతలు కచ్చితంగా వేసుకుని, వాటి మీద పారదర్శకమైన రంగు పొరలు పలుచగా పరుస్తాడు. ఒకే ఓక్ చెట్టు స్కెచ్చు ఏళ్ల తేడాతో వేర్వేరు చిత్రాల్లో కనిపించడం అందుకే.

రాజకీయం కూడా శిథిలాల్లోనే దాక్కుంది. నెపోలియన్ మీద పోరాడిన దేశభక్తులను 1819 తర్వాత జర్మన్ ప్రభుత్వాలే అనుమానించి వేధించాయి. 1823–24లో ఫ్రీడ్రిష్ గీసిన 'హుట్టెన్ సమాధి'లో పాతకాలపు జర్మన్ దుస్తుల మనిషి ఒకడు కప్పులేని చర్చిలో సమాధి మీదికి వంగి ఉన్నాడు. సమాధి రాతి మీద ఆ దేశభక్తుల పేర్లు చెక్కి ఉన్నాయి. అదే కాలంలో వచ్చిన 'మంచు సముద్రం'లో కట్టడమే లేదు. పలకలు పలకలుగా పైకి లేచిన మంచు, దాని కింద నలిగిన ఓడ. మనిషి చేయి తగలని శిథిలం అది. అప్పట్లో కొనేవాళ్లు దొరకలేదు.

డ్రెస్డెన్‌లో ఫ్రీడ్రిష్ ఉన్న ఇంట్లోనే ఉన్న నార్వే చిత్రకారుడు డాల్, వైద్యుడు కూడా అయిన కారూస్, యువకుడు ఓమె ఈ దారిలో నడిచారు. 1830ల నాటికి కూలిన మఠం, మంచు, సన్యాసి అన్నవి మూసగా మారి, పరాకాష్ఠ దాటిపోయాయి.

అమెరికా: శిథిలాలు లేని దేశం

ఇంగ్లండులో పుట్టి 1818లో అమెరికా వెళ్లిన థామస్ కోల్ (1801–1848)కు అక్కడ మఠాలూ కోటలూ దొరకలేదు. పిడుగుపడి చీలిన మానులే ఆయన తొలి శిథిలాలు. 1829 నుంచి మూడేళ్లు ఐరోపా తిరిగి, ఇటలీ చూసి వచ్చాక, న్యూయార్క్ వర్తకుడు లూమన్ రీడ్ కోసం 1833–36లో 'సామ్రాజ్య గతి' అనే అయిదు చిత్రాల వరుస గీశాడు. ఆటవిక దశ, పశుపాలన, వైభవం, విధ్వంసం, చివరికి నిర్జనత. అయిదింటిలోనూ వెనక అదే కొండ, కొండ కొసన అదే బండరాయి. చివరి చిత్రంలో వెన్నెట్లో ఒంటరి స్తంభం మీద పక్షి గూడు కట్టుకుంది. వరుస పూర్తికాకముందే రీడ్ చనిపోయాడు. ఈ వరుసలో మాత్రం నగరాన్ని తగలబెట్టేది మనుషులేనని నాలుగో చిత్రం నిలువెల్లా చూపిస్తుంది.

భారతదేశానికి వచ్చిన చూపు

ఈ చూపును ఈస్టిండియా కంపెనీ ఓడలు మన దేశానికీ మోసుకొచ్చాయి. కెప్టెన్ కుక్ రెండో యాత్రలో వెళ్లిన విలియం హాడ్జస్ 1780లో మద్రాసులో దిగాడు. హైదర్ అలీతో యుద్ధం వల్ల దక్షిణంలో తిరగలేక ఉత్తరాదికి వెళ్లి, అక్కడి కోటలూ సమాధులూ గీశాడు. థామస్ డానియెల్, అతని సోదరుడి కొడుకు విలియం 1786 నుంచి దేశమంతా తిరిగి, 1795–1808 మధ్య 144 అక్వాటింట్లను లండన్‌లో ప్రచురించారు. మర్రిచెట్టు ఊడల మధ్య పాడుబడిన గుడి, పక్కన ఒకరిద్దరు మనుషులు. ఇది వై నది లోయలో తయారైన అచ్చే. చూసిన ఇంగ్లీషు పాఠకుడికి ఇక్కడి వైభవం ఎప్పుడో ముగిసిందనీ, ఇప్పుడు తమవాళ్లు ఉండటం సహజమేననీ అనిపించడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు.

అదే కాలంలో కృష్ణ ఒడ్డున మరో రకం చిత్రణ జరిగింది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణానికి రాళ్లు తవ్విస్తుంటే అమరావతి స్తూపం శిల్పాలు బయటపడ్డాయి. 1797లో కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో బృందంతో తిరిగొచ్చేసరికి దిబ్బ నడుమ తవ్వి చెరువు చేశారు. సున్నపురాతి పలకలు కొన్ని మెట్లకూ గోడలకూ పోయాయి, కొన్ని సున్నంగా కాలిపోయాయి. మెకంజీ చిత్రకారులు పలక తర్వాత పలకను కొలిచి గీశారు. వెన్నెల లేదు, తీగలు లేవు. ఇప్పుడు ఆ బొమ్మలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. పోయిన పలకల రూపం తెలిసేది వాటి వల్లనే.

తర్వాత

1835లో పక్షవాతం వచ్చాక ఫ్రీడ్రిష్ చేయి సాగలేదు. చనిపోయేనాటికే ఆయన్ను దాదాపు మరిచిపోయారు. 1906లో బెర్లిన్‌లో జరిగిన శతాబ్ది ప్రదర్శనతో తిరిగి వెలుగులోకి వచ్చాడు. నాజీలు ఆయన్ను తమవాడిగా చెప్పుకోవడంతో యుద్ధం తర్వాత కొన్నాళ్లు చెడ్డపేరు మోశాడు. 1931లో మ్యూనిక్ గాజుభవనంలో చెలరేగిన మంటల్లో ఆయన చిత్రాలు అనేకం కాలిపోయాయి. 'మంచులో మఠం శ్మశానం' 1945లో బెర్లిన్‌లో నాశనమై, ఫొటోల్లో మాత్రం మిగిలింది. 'ఓక్ వనంలో మఠం'ను, దాని జతను 2013 నుంచి మూడేళ్లు శుభ్రపరిచి, పసుపెక్కిన వార్నిష్‌నూ పాత మరమ్మతు రంగులనూ తొలగించారు. ఆయన పుట్టి 250 ఏళ్లయిన సందర్భంగా 2024లో జర్మనీ అంతటా ప్రదర్శనలు జరిగాయి.

ఇంగ్లండులో 19వ శతాబ్దం నడిమికల్లా ఫొటోగ్రాఫర్లు చిత్రకారుల చోట్లలోనే కెమెరాలు నిలబెట్టారు. టింటర్న్‌ను 1901లో ప్రభుత్వం కొన్నది. గోడలు నిలవాలంటే వేళ్లు పోవాలని ఇంజనీర్లు తేల్చి, టర్నర్ గీసిన ఐవీ తీగను మొత్తం కోయించారు. స్తంభాలలో ఉక్కు దూలాలు దాచి, పచ్చిక కత్తిరించి, టికెట్టు పెట్టి చూపిస్తున్నారు.